అప్పగింతల్లో నవ్వుల ప్లేటు

తెల్లదొరలింకా వెళ్ళని రోజులు. అనకాపల్లిలో నా పెళ్ళి. అప్పగింతలప్పుడు అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, మగపెళ్ళివారు గ్రామఫోనులో హాస్యం ప్లేటు పెట్టారు. అందులో ఒక మగవాడు ఆడగొంతుతో, కూతుర్ని సాగనంపే తల్లిలా రాగాలు తీసి ఏడుస్తాడు. పందిరంతా నవ్వులే.

“అత్తా, నీకన్నా ప్లేటే బాగా ఏడుత్తంది!” అన్నాడు పెళ్ళికొడుకు అన్న.

అమ్మ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి, తిరుగుతున్న ప్లేటు లాగి, పెళ్ళిలో తొక్కిన సన్నికల్లు మీదే వేసి బద్దలు కొట్టాను.

“మాయమ్మ ఏడుపు మీకు ఆటగా ఉందేటి? ఇప్పుడు నవ్వండి, సూద్దాం!”

అమ్మ నోట్లోంచి కొంగు తీసేసింది.

అగ్గిపుల్ల కూడా దండగ చెయ్యనిదాన్ని. కావాలని పగలగొట్టిన వస్తువు జీవితంలో అదొక్కటే. ఇప్పటికీ విచారం లేదు. ఆ రోజు మా అమ్మ గొంతెత్తి, తనివితీరా ఏడ్చింది.