గునుగు కాలిన ఏడు

ఓనరమ్మ పోయింది. మొన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "చెల్లే, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, జర ఒరుగుతనన్నది. గంతే," అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. ఎక్కినదాన్ని కిందికి దిగి, ఎందుకు దిగానో తెలియక మళ్లీ ఎక్కి, చివరికి దిగి అల్మాస్‌గూడ పోయే షేర్ ఆటో పట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ "జర సక్కగ కూసోమ్మా" అని కసిరింది. కుదురుగా కూర్చోవడం నాకు ఎప్పుడూ రాదు. ఓనరమ్మకూ రాదు. మా ఇద్దరికీ జత కుదిరింది ఆ గుణంలోనే.

మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి అల్మాస్‌గూడలో వాళ్ల మేడమీది పోర్షన్‌లో కిరాయికి దిగాం. ఆమెను "ఓనరమ్మా" అని పిలవడం మా అమ్మ మొదలుపెట్టింది. ఆ పిలుపు ఆమెకు నచ్చేది కాదు. "నేనేం ఓనర్నమ్మా, గీ ఇంటికి చాకిరి జేసేదాన్ని," అనేది. అయినా కాలనీ అంతా అదే పేరు ఖాయం చేసేసింది.

ఆమెది పోచంపల్లి పక్కన నేతపని ఊరు. పట్నం వచ్చినా చేతిపని వదల్లేదు. కింద హాల్లో చట్రానికి నూలు బిగించి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పీలికలతో చిటికీలు కట్టేది. నూలు రంగులో ముంచి తీశాక ఆ కట్లన్నీ కోసెయ్యాలి. గోనెసంచులకొద్దీ నల్ల రబ్బరు ముక్కలు పోగయ్యేవి. నాలుగు కట్లు కడితే లేచి వాకిట్లోకి వచ్చేది, మళ్లీ నాలుగు కట్టి డాబా ఎక్కేది. వెనకాల గుట్ట వైపు చూసి, గాలి ఎటు వీస్తోందో ముక్కుతో పసిగట్టి దిగేది. "కాలు కాలిన పిల్లిలాగా ఆ తిరుగుడేంటి ఓనరమ్మా?" అని మా అమ్మ నవ్వితే, "కూసుంటే నడుము పడ్తది చెల్లే, తిరిగితే కాళ్లే పడ్తయ్. కాళ్లే నయం గద," అనేది.

ఆ గుట్ట ఆమె సొంత ఆస్తి అన్నట్టు మాట్లాడేది. బతుకమ్మ ముందు గుట్టంతా తెల్లటి గునుగు పూలు, మధ్యమధ్య పచ్చటి తంగేడు. తెల్లారకముందే కొడుకును తరిమి మోపులకొద్దీ గునుగు కోయించేది. ఆ గునుగు కొసల్ని నూలుకు వాడగా మిగిలిన రంగుల్లో ముంచేది. ఎరుపూ నీలమూ ఆకుపచ్చా. అలాంటి రంగు బజార్లో దొరకదు. కాలనీలో ఆడవాళ్లందరూ పళ్లేలు పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడేవాళ్లు. ఆ నాలుగు రోజులూ మహారాణిలా ఉండేది, అందరినీ తిట్టేది, అందరికీ ఇచ్చేది.

ఇక రాజకీయం. అబ్బో, ఆమె ముందు మాట జారితే అయిపోయినట్టే! తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షల టెంటు వేస్తే, చిటికీల నూలు ఒళ్లో పెట్టుకుని వెళ్లి అందులో కూర్చునేది. వాళ్లబ్బాయికి చంపాపేట్‌లో చీరల కొట్టు. కాలనీ ఉద్యమ కమిటీకి పెద్ద అతనే. మా నాన్నేమో ఒక ప్లాట్ల కంపెనీలో సూపర్‌వైజర్. రోజూ సాయంత్రం మెట్ల దగ్గర పంచాయితీ.

"మీరు వేరుపడితే మమ్మల్ని వెళ్లగొడతారా ఏంటండీ?" అని మా నాన్న.

"రాష్ట్రం మాకు గావాలె. గది నా హక్కు. నువ్వు నా ఇంట్ల కిరాయికున్నోనివి. గది నీ హక్కు. రెండిట్కి లంకె ఏంది తమ్మీ?" అని ఆమె.

నేను ఊరుకునేదాన్నా? మధ్యలో దూరి ఏదో ఒకటి అనేదాన్ని. "నోరు పెద్దగైంది నీకు" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, మక్కగారె చేతిలో పెట్టేది. మళ్లీ వాదన అందుకునేది.

ఆ ఏడు వానలు పడలేదు. వినాయకుణ్ణి నిమజ్జనం చేశాక కూడా ఎండ మాడ్చేస్తోంది. ఎవరు పట్టించుకున్నారు? సమ్మెలు, బంద్‌లు, బస్సులు డిపో దాటి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చదివే కోచింగ్ సెంటర్ షట్టర్ దించేసింది. టీవీలో పొద్దస్తమానం ఢిల్లీ ఏమంటోంది, ఎవరు రాజీనామా ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు. మేడమీద మా అమ్మ సూట్‌కేసులు సర్ది హాల్లో వరసగా పెట్టింది. "బస్సులు తిరగ్గానే విజయవాడ వెళ్లిపోదాం" అని రోజూ అనేది, మర్నాడు తువ్వాలు కావాలని అదే సూట్‌కేసు విప్పేది. గుట్ట మీద గడ్డి ఎండి పసుపుపచ్చగా అయిపోయిందని మాత్రం ఎవరికీ పట్టలేదు. గునుగు పూసింది గానీ కాడలు పుల్లల్లా ఉన్నాయి.

పండుగ ఇంకో రెండు మూడు రోజులుందనగా మధ్యాహ్నం పూట గుట్ట అంటుకుంది. సామాన్యంగా గడ్డి కాలేది హోళీ తర్వాత. బతుకమ్మ నెలలో మంటలేమిటి? ముందు ఎవరో చెత్త కాలుస్తున్నారనుకున్నాం. చూస్తుండగానే మంట గుట్ట ఎగబాకింది. మొగవాళ్లు తడిపిన గోనెసంచులు, వేపమండలు పట్టుకుని పరుగెత్తారు. మా నాన్నా బకెట్ పట్టుకుని పోయాడు. ఆరేసరికి గుట్ట బోడిగుండైంది. ఒక మేకల కొట్టం కాలిపోయింది, మేకలు మేతకు పోయాయి కాబట్టి బతికాయి. గునుగు ఒక్క కాడ మిగల్లేదు.

పొగ సద్దుమణగకముందే మాట అంటుకుంది. ఆ గుట్టను చదును చేసి ప్లాట్లు వెయ్యాలని మా నాన్న కంపెనీ చూస్తోంది. ముందురోజే నాన్న అక్కడ టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాడు. ఇంకేం కావాలి! సాయంత్రానికి మా గేటు ముందు జనం. "ఆంధ్రోళ్లు కావాలనే తగలవెట్టిన్రు, మన బతుకమ్మకు పువ్వు లేకుంట జేసిన్రు" అని ఒకరు. "నిప్పు లేంది పొగరాదు" అని ఇంకొకరు. ఓనరమ్మ కొడుకు ముందు నిలబడి, "సార్‌ను కిందికి రమ్మను, మాట్లాడాలె," అన్నాడు. అప్పటిదాకా నన్ను "చెల్లే" అని పిలిచినవాడు, ఆ రోజు నా మొహం చూడలేదు. అమ్మ నాన్న చొక్కా పట్టుకుని లాగుతోంది. నాన్న చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను మెట్ల మీదే ఆగిపోయాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, మా నాన్నను కొడతారని భయపడ్డాను.

ఓనరమ్మ ఆ మధ్యాహ్నమంతా పెరటిగోడకూ డాబాకూ మధ్య తిరుగుతూనే ఉంది. పెరట్లోంచి వచ్చి జనం మధ్యలోకి నడిచింది. చేతిలో ఉన్న నల్లటి ముద్దను కొడుకు కాళ్ల దగ్గర పడేసింది. సగం కాలిన ట్యూబు పీలికల ముద్ద.

"గిది ఏ ఆంధ్రోనిది? చెప్పు. గిది నా చిటికీల రబ్బరు. పొద్దుగాల గోడెనక గాలవెట్టిన. ఏటేట గీ నెలలనే గాలవెడ్త. గడ్డి పచ్చగుంటది, ఏం గాదనుకున్న. వానల్లేవన్న సంగతి యాద్ లేకపాయె. రబ్బరు లోపల్లోపల రాజుకుంట ఉండె, గాలి లేసింది. గోడకాడికి పోయి సూడున్రి, నల్లగ దారి వడ్డది."

"అమ్మా, లోపలికి పో," అన్నాడు కొడుకు.

"పోను. అగ్గి వెట్టింది నేను. కొట్టేదుంటె నన్ను కొట్టున్రి."

"కిరాయి పోతదని ఎనకేసుకొస్తున్నవా పెద్దమ్మా?" అని ఎవడో అరిచాడు. "ఆంధ్రోళ్లకు అమ్ముడువోయినవ్!"

ఆ మాటకు ఆమె మొహం ఎలా పాలిపోయిందో నేను మెట్ల మీది నుంచి చూశాను. టెంటులో ఎండకు కూర్చున్న మనిషి ఆమె. "నేను తెలంగాణదాన్నే బిడ్డా," అంది. "తెలంగాణ కోసం అబద్ధం ఆడాల్నా?"

గోడ వెనక్కి పోయి చూసి వచ్చినవాళ్లు తలలు దించుకుని వెళ్లిపోయారు. మా నాన్న మెట్ల మీద అలాగే కూలబడ్డాడు.

కథ అక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటే పొరపాటు. వాళ్లబ్బాయి అమ్మతో చాలా నెలలు మాట్లాడలేదు. కమిటీలో పరువు పోయిందని అతని బాధ. ఆ ఏడు పండక్కి ఆమె వాకిట్లో పళ్లేలు పట్టుకుని ఎవరూ నిలబడలేదు. "పువ్వు కాలవెట్టిన చెయ్యి" అని ఒకామె మొహం మీదే అనేసింది. ఓనరమ్మ మేడ మీదికి వచ్చి, మా కుండీల్లో బంతిపూలు చూపించి, "ఇస్తవా చెల్లే?" అని మా అమ్మను అడిగింది. అమ్మ కత్తెర తెచ్చి మొక్కలు బోడిచేసింది. సూట్‌కేసులోంచి పట్టుచీర తీసి కట్టుకుని ఆమె వెంట కిందికి దిగింది. ఆట రాదు, చప్పట్లు ఒకచోట, అడుగులు ఒకచోట, ముందావిడ కాలు తొక్కింది. అంత బాధలోనూ ఓనరమ్మ నవ్వింది. "నీకు ఆట నేర్పేసరికి రాష్ట్రం ఒస్తది," అంది. సూట్‌కేసులు తర్వాత అటక ఎక్కాయి.

నేను ఆమెను పెద్దమ్మా అని పిలవడం ఆ రోజుల్లోనే మొదలైంది. ఒకసారి అడిగేశాను. "మా మీద కోపం లేదా పెద్దమ్మా?"

"ఎందుకుండదు? మీ లీడర్లను టీవీల జూస్తె ఒళ్లు మండుతది. అయితే? నా అగ్గి నీ అయ్య మీద ఏస్తనా?"

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆమె వీధంతా మిఠాయి పంచింది, మొదటి ముక్క మా నాన్న నోట్లో కుక్కింది. గుట్ట పోయింది, వేరే ఎవరో చదును చేసి అపార్ట్‌మెంట్లు లేపారు. ఆమె ఇంటి పక్కన ఒక ఖాళీ ప్లాటు మాత్రం మిగిలింది, నడుమెత్తు గడ్డితో. ఆ ప్లాటు ఆమె ప్రాణం తోడేసింది. గేటు పక్కన ఒక బకెట్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఏ నెలైనా సరే, పొగ వాసన తగిలితే చాలు, బకెట్ మోసుకుంటూ పోయి గడ్డి అంచులు తడిపేది. మోకాళ్లు పట్టేసినా మానలేదు. "చాదస్తం" అని కొడుకు విసుక్కునేవాడు. "అగ్గికి నెల తెల్వదు, పార్టీ తెల్వదు బిడ్డా. మనుషులకే తెల్వాలె," అనేది. ఈ మధ్య హైవే పక్క అడవిలో ఎండాకాలం రాకముందే పొగ లేస్తోంది. టీవీలో మాత్రం ఎవరు ఏ పార్టీలోకి దూకారన్నదే చర్చ. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. వేళ్ల సందుల్లో నీలిరంగు ఇంకా వదల్లేదు. ఆ వేళ్లు పట్టుకుని ఏడ్చాను, పెద్దగానే ఏడ్చాను. కార్తీకం దాటలేదు, అప్పుడే ప్లాటులో గడ్డి ఎండి గలగలమంటోంది. గేటు ముందు పిడకలు పేర్చారు. నిప్పు రాజేసి కుండలో పెట్టి కొడుకు చేతికివ్వాలి. "కానియ్ రా, పొద్దు వోతుంది," అన్నాడొక ముసలాయన. ఎవరో అగ్గిపెట్టె అందించారు.

నేను అన్నా అని పిలిచే ఆ కొడుకు తీసుకోలేదు. "ఒక్క నిమిషం తాతా," అని గేటు పక్కకు వెళ్లాడు. బకెట్ నిండుగానే ఉంది. ఆ పొద్దున కూడా ఆమే నింపి ఉంటుంది. పిడకల చుట్టూ, గోడ పొడుగునా, ప్లాటు అంచున గడ్డి మీదా వంగి వంగి నీళ్లు చల్లాడు. బకెట్ అయిపోయింది. నా వైపు చూసి, "చెల్లే, ఇంకోటి తే," అన్నాడు. నేను కుళాయి దగ్గరికి పరుగెత్తాను.

రెండో బకెట్ కూడా పోశాకే అగ్గిపుల్ల గీశాడు. పిడకలు అంటుకున్నాయి. జనమంతా ఆమె వైపు చూస్తున్నారు. అన్న ఒక్కడే ఖాళీ బకెట్ పట్టుకుని, పొగ ఎటు పోతోందో చూస్తూ నిలబడ్డాడు.