శ్మశానం తూర్పుమూల రాయి

సత్యానందం పేరు సర్వే ఆఫీసు కాగితాల్లో ఎక్కడా లేదు. అల్లవరం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా భూమి కొలిచిన ప్రతి సర్వేయరు వెనకా గొలుసు పట్టుకుని నడిచింది మాత్రం అతనే. రోజుకూలి. సర్వేయర్లు వచ్చారు, బదిలీ అయ్యారు, ప్రమోషన్లు కొట్టారు, రిటైరయ్యారు. గొలుసూ అతనూ మిగిలారు. నాలుగడుగులు వేశాడంటే గొలుసులో పదిహేను లింకులు, తేడా రాదు. హద్దు తగువులున్న ప్రతి రైతుకీ ఈ సంగతి తెలుసు. తెలిసి ఎవడూ అతనికి కుర్చీ వెయ్యలేదనుకోండి, అది వేరే మాట.

తండ్రి కూడా గొలుసు మనిషే. ఆయన కొడుక్కి సెంటు భూమి ఇవ్వలేదు గానీ ఒక మాట ఇచ్చిపోయాడు. "చూపించిన రాయి నిలవదురా." హద్దురాయి ఎక్కడుందో తెలిసిపోతే పక్క ఆసామి చెయ్యి ఊరుకోదని దానర్థం. కొలిచేరోజున సర్వేయరుకు చూపించు, అంతవరకూ నోరు మూసుకో, అనేవాడు.

తొంభై ఆరు తుపానుకి, ఊరికి ఎడంగా ఉన్న సత్యానందంవాళ్ళ పేట శ్మశానం నాలుగు మూలల రాళ్ళలో మూడు పోయాయి. కొట్టుకుపోయాయన్నారు. నడుమెత్తు రాతిని భూమిలో ముప్పాతిక పాతితే గాలికి ఎలా కొట్టుకుపోయిందని అడిగినవాడు లేడు. తూర్పుమూల రాయి ఒక్కటి మట్టి మేట కింద ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. సత్యానందం దాన్ని గునపంతో తట్టి చూసుకుని, మళ్ళీ మట్టి కప్పి, పైన గడ్డిదుబ్బు నాటేశాడు. భార్య నూకాలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

శ్మశానాన్ని ఆనుకుని మంగరాజుగారి కొబ్బరితోట. ఆ తోట కంచెకి కాళ్ళున్నాయి. తొమ్మిదేళ్ళలో పన్నెండు అడుగులు శ్మశానంలోకి నడిచింది. రాయీ, రాయికి ఆరడుగుల దూరంలో పడుకున్న సత్యానందం తల్లి సూరమ్మా ఇప్పుడు కంచెకి అవతలే ఉన్నారు. పేటవాళ్ళు అర్జీల మీద అర్జీలు పెడితే, మార్గశిరంలో కొలుస్తామని చివరికి కబురొచ్చింది. రాయి కనిపిస్తే కంచె వెనక్కి పోవాలి. కనపడకపోతే కంచే హద్దు. సత్యానందం ఆ రోజుకోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మస్కట్ నుంచి సూర్యప్రకాష్ దిగాడు. మంగరాజుగారి అన్నకొడుకు. అయిదో తరగతి దాకా సత్యానందం పక్కన కూర్చుని అతని పలకమీద లెక్కలు చూసి రాసినవాడు. ఆ తరవాత ప్రకాష్ అమలాపురం కాలేజీకి, సత్యానందం గొలుసు కిందికి. అప్పటి "ఒరే"లు ఎప్పుడో పోయాయి. ఇటువైపు నుంచి పోయాయి లెండి, అటువైపు నుంచి అలాగే ఉన్నాయి.

కార్తీకమాసం ఆదివారం పొద్దున్నే ప్రకాష్ స్కూటరేసుకుని పేటలోకి వచ్చాడు. చేతిలో పసుప్పచ్చ యంత్రం ఒకటి, సెల్‌ఫోను కన్నా లావుగా ఉంది.

"ఎక్కరా సత్యం. ఇవాళ నీకో ఆట చూపిస్తాను. మస్కట్‌లో మా కంపెనీ దొరలు శుక్రవారం వస్తే ఇదే పని. ఒకడు ఎక్కడో డబ్బా దాస్తాడు, ఆ చోటు నంబరు ఇంటర్నెట్లో పెడతాడు. ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఆ నంబరుకి దారి చూపించే ఈ మెషీన్ పట్టుకుని వెతుక్కుంటా వచ్చి, డబ్బాలో పుస్తకంలో పేరు రాసి పోతారు."

"తీసుకుపోరాండీ డబ్బాని?"

"తీసుకుపోరు."

"మంచి దేశమేనండి," అన్నాడు సత్యానందం.

కాలవగట్టు మీద ప్రకాష్ తనొక్కడే ముందుకెళ్ళి ఖర్జూరాల ప్లాస్టిక్ డబ్బా దాచి వచ్చి, యంత్రం లేకుండా వెతకమన్నాడు. సత్యానందం గట్టు మీద నిలబడి కాసేపు చూశాడంతే. ఒక మొగలిపొద దగ్గర గడ్డి ఒరిగిన తీరు నచ్చలేదు. పావుగంటలో డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. రెండోసారి ఇంకా తొందరగా తెచ్చాడు. ప్రకాష్ నోరు వెళ్ళబెట్టాడు. తరవాత ఇద్దరూ గట్టుమీద కూర్చుని పెసరట్లు తిన్నారు. ఒక పొట్లంలోంచే తిన్నారు.

"ఒరే, నువ్వు నన్ను అండీ అనకు. ఒక్కసారి ఒరే అను, వింటాను."

"ఎందుకులెండి."

"నా మీద ఒట్టు."

సత్యానందం అటూ ఇటూ చూశాడు. కాలవలో బాతులు తప్ప ఎవరూ లేరు. "ఒరే ప్రకాష్," అన్నాడు. ముప్పై ఏళ్ళ తరవాత ఆ మాట అనేసరికి అతనికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మనిషికి ఆకలి ఒక్క అన్నానికే కాదు. ఆ ఆకలి తీరిన క్షణంలోనే అతను తండ్రి మాట మరిచిపోయాడు.

"ఇప్పుడు నువ్వు చూపించు," అన్నాడు ప్రకాష్. "ఈ మెషీన్ గానీ, మెషీన్ తాత గానీ కనిపెట్టలేని చోటు ఒకటి చూపించు. మన ఊళ్ళో మొదటి డబ్బా అక్కడ దాద్దాం."

చూపించాడు. కంచె సందులోంచి తోటలోకి దూరి, చింతమొద్దు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, గడ్డిదుబ్బు పక్కకి తీసి, చేత్తో మట్టి తోడాడు. రాతి నెత్తిమీద సర్వేవాళ్ళు ఉలితో కొట్టిన గుర్తు కనిపించింది. తల్లి ఎక్కడుందో కూడా చూపించాడు. మార్గశిరంలో కొలత సంగతీ చెప్పాడు. పులి గుహలో నిలబడి పులిపిల్లకి మేకని చూపించినట్టుంది వ్యవహారం. కానీ ఆ పూట అతనికి ప్రకాష్ మంగరాజుగారి మనిషిగా కనిపించలేదు, పలక పక్కన పలక పెట్టుకున్నవాడిగా కనిపించాడు.

"ఎవరికీ చెప్పకండి. మా పేటంతటికీ ఇదొక్కటే సాక్ష్యం."

"నాకెందుకురా. వచ్చేవారం మస్కట్ పోయేవాడిని. ఒట్టు, ఎవరికీ చెప్పను."

డబ్బాలో చిన్న నోటుపుస్తకం, పెన్ను, మస్కట్ నాణెం పెట్టారు. పుస్తకంలో మొదటి పేరు సత్యానందం చేత రాయించాడు ప్రకాష్. డబ్బాని రాయి పక్కనే పెట్టి మట్టి కప్పారు. యంత్రంలో ఏదో నొక్కి, "నంబరు పట్టింది," అన్నాడు.

మధ్యాహ్నం అదే తోటలో మంగరాజుగారి కులసంఘం వాళ్ళ వనసమారాధన. కార్తీకంలో ఒక్కో ఆదివారం ఒక్కో కులం వాళ్ళది. ఉసిరికొమ్మ కింద పూజ, మైకు, ఫ్లెక్సీ బోర్డు, కంద బచ్చలికూర, పులిహోర, బూరెలు. "నువ్వు నా గెస్టువిరా," అని ప్రకాష్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సంఘం అధ్యక్షుడు మంగరాజుగారు చూసి నవ్వారు. ఆయన చాలా మర్యాదస్తుడు. "రావోయ్ సత్యానందం. మనవాళ్ళ పంక్తులయ్యేక కూచుందువుగాని, ఆయ్," అన్నారు. సత్యానందం వంటపొయ్యిల దగ్గర, వంటవాళ్ళతో పాటు నిలబడ్డాడు. ప్రకాష్ చెయ్యి ఎప్పుడు వదిలేశాడో తెలియలేదు.

పూజయ్యాక ఆటలు. కుర్చీలాట అయింది, తాడులాట అయింది. అప్పుడు ప్రకాష్ మైకు పుచ్చుకున్నాడు.

"మన యువకులకి ఫారిన్ ఆట! ఈ తోటలో ఒక డబ్బా దాచేం. ఇదిగో మెషీన్, ఇదిగో నంబరు. ముందు తెచ్చినోడికి మస్కట్ సెంటుసీసా!"

సత్యానందం పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తాడు. జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వెళ్ళాడు. "ప్రకాష్‌బాబూ, వద్దండీ, ఆపించండీ." ప్రకాష్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ, "ఊరికే ఆటరా," అన్నాడు. అప్పటికే పాతికమంది యంత్రం వెనక పడి పరుగెత్తుతున్నారు.

యంత్రం వాళ్ళని పదడుగుల దాకా తీసుకెళ్ళి అక్కడ ఆగిపోయింది. దానికి అంతకన్నా చేతకాదు. వాళ్ళకి ఓపిక లేదు. తోటలో పారలకి కొదవలేదు. ఇక్కడో గుంట, అక్కడో గుంట. సత్యానందం పరుగున వచ్చి సూరమ్మ ఉన్నచోట అడ్డంగా నిలబడి, "ఇక్కడ తవ్వకండి బాబూ, ఇక్కడ కాదు," అంటే, ఇక్కడే ఉందన్నమాట అనుకుని అక్కడ ఇంకో రెండు గుంటలు తవ్వారు. చివరికి ఎవడి పారకో రాయి ఖంగుమంది. డబ్బా దొరికింది. డబ్బా ఒక్కటీ తెచ్చినా సరిపోయేది. రాయి కూడా ఆటలో భాగమే అనుకున్నారో, ఏమనుకున్నారో, చుట్టూ తవ్వి పెకలించి, శవాన్ని మోసినట్టు నలుగురు భుజాల మీద వేసుకుని ఈలలేస్తూ వేదిక దగ్గరికి తెచ్చి పడేశారు.

జనం చప్పట్లు కొట్టారు. మంగరాజుగారు కొట్టలేదు. వంగి, రాతి నెత్తిమీద గుర్తు చూశారు. మండువేసవిలో మబ్బు చూసిన రైతు మొహం పెట్టారు. తలెత్తి, ఏమీ ఎరగనట్టు వంటమేస్త్రిని పిలిచారు.

"అన్నం గుండిగ కింద పొయ్యిరాయి కదులుతోందన్నావు కదా. ఇది పెట్టు, గట్టిగా ఉంటది."

సత్యానందం ప్రకాష్‌ని పట్టుకున్నాడు. "ఒట్టేసేరు కదండీ."

"నేనెవరికీ చెప్పలేదురా! మెషీన్ ఇచ్చేనంతే," అన్నాడు ప్రకాష్. మొహం మాత్రం పాలిపోయింది. "అయినా కంగారెందుకు? చోటు నంబరు నా దగ్గరుంది కదా. మళ్ళీ అక్కడే పాతిద్దాం."

"పీకిన రాయిని మనం పాతితే హద్దురాయి అవదండి. మీ నంబరు పదడుగులు అటూ ఇటూ అంటదండి. ఆ పదడుగుల్లోనే మా అమ్మ ఉంది."

ప్రకాష్ తల దించుకున్నాడు. బాబాయి దగ్గరికి వెళ్ళి ఒక మాట అంటాడేమోనని సత్యానందం చూశాడు. మంగరాజుగారు "ప్రకాషూ, నీకు సన్మానం, రా," అని పిలిచారు. ప్రకాష్ వెళ్ళాడు. శాలువా కప్పారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అన్నారా?

సాయంత్రం పొయ్యి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి ఆర్పారు. కాలి ఉన్న రాయి చప్పుడు చేసి రెండుగా పగిలింది. ప్రకాష్ పంపించాడని ఎవరో విస్తరిలో పులిహోర, బూరెలు కట్టి ఇచ్చారు. సత్యానందం దాన్ని కాలవలో పారేశాడు. ఇంటికెళ్ళి నూకాలమ్మతో సంగతి చెప్పాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "చెప్పేవా," అంది. అంతే. తవ్విన గుంటలు పూడ్చడానికి అతను మర్నాడు పొద్దున్నే వెళ్తే, అప్పటికే మంగరాజుగారి పాలేళ్ళు పూడ్చేసి వరసగా కొబ్బరిమొక్కలు నాటుతున్నారు.

మార్గశిరంలో సర్వేయరు వచ్చాడు. కొత్తవాడు, కాకినాడ నుంచి బదిలీమీద వచ్చాడు. పటం విప్పి పట్టుకుని తోటకంచె దగ్గర నిలబడ్డాడు. గొడుగు కింద మంగరాజుగారు, ఎండలో పేటవాళ్ళు.

"తూర్పుమూల రాయి ఎక్కడయ్యా?"

"ఉండేదండి. అదిగో, అక్కడ. కార్తీకంలో తవ్వి పొయ్యిలో పెట్టేరు."

"ఈ మనిషిది పేటేనండి," అన్నారు మంగరాజుగారు మర్యాదగా. "ఆయన మాట మీద హద్దు రాస్తే రేపు మీకే ఇబ్బంది, ఆయ్."

సర్వేయరు విసుక్కున్నాడు. "ఉండేది అని రాయడానికి నా కాగితంలో చోటు లేదయ్యా. రాయి ఉందా, లేదా? అది చెప్పు."

పేటంతా అతని మొహంలోకే చూస్తోంది. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల పొలాల్లో ఈ ప్రశ్నకి జవాబు చెప్పాడో అతనికే తెలియదు. ఉన్న రాయిని లేదనలేదు, లేని రాయిని ఉందనలేదు.

"లేదండి," అన్నాడు.

సర్వేయరు రాసుకున్నాడు. కంచె వెంబడి గొలుసు వెయ్యమన్నాడు. సత్యానందం గొలుసు కొస పట్టుకుని, కంచెని, కంచె అవతల వరసగా నాటిన కొబ్బరిమొక్కల్ని చూడకుండా, ఎప్పటిలాగే ఒక్క లింకు కూడా వదులు లేకుండా బిగించి లాగాడు.

"గొలుసు పట్టడమంటే నీదేనయ్యా," అన్నాడు సర్వేయరు.

"ఆయ్," అన్నాడు సత్యానందం.