ఎనుముతో చెప్పినట్టు

మా అమ్మను ఎవరు పలకరించినా ఒకటే జవాబు, "బాగుండా" అని. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా బాగుండా, కాల్లో తుమ్మముల్లు దిగి కుంటుతున్నా బాగుండా. నాన్న పోయేనాటికి నేను బడికి పోయే పిల్లను. అమ్మ పడుకుంటే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని ఆమె జబ్బు పడడమే మానుకుంది. అది అబద్ధం కాదు. తన ఒంటి సంగతి తనకు తానే చెప్పుకోదు, అంతే.

నేనిప్పుడు కోడుమూరులో టీచరును. ఉండేది ఊళ్లో, అమ్మతోనే. పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే కొట్టం వైపు పోతే, అమ్మ ఎనుమును పిండుతూ దాంతో మాట్లాడుతోంది. మాట వినబడకపోతే మా ఎనుము పాలు చేపదు. రోజూ వానల గురించో, పక్కింటి కోడలి గురించో చెప్పేది. ఆ రోజు మాత్రం వేరే మాట.

"ఎడమ చెయ్యి లాగుతాండాదే. నాలుగడుగులేస్తే రొమ్ము మీద గుండ్రాయి పెట్టినట్లుండాది. పాపకు చెప్తే బడి మానుకోని కూసుంటాది."

ఏమైందని అడిగితే, నాకేమైందిమే, బాగుండా అని పాలచెంబు చేతికిచ్చింది. ఒళ్లు మండి, అరిచి గోల చేసి కర్నూలుకు తీసుకుపోయాను. దారి పొడవునా ఆమె శనగచేను గురించే మాట్లాడింది.

డాక్టరు చిన్నవాడు, మా సీమవాడే. నొప్పి ఉందా అంటే లేదంది. ఆయాసమా అంటే లేదంది. ఆమె మాట నమ్మితే ఇంటికి పంపేయాల్సిందే. ఇక ఆగలేక ఎనుము సంగతి చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకొని, ఆమె ముఖం చూడకుండా తల వంచుకొని కూర్చున్నాడు.

"నన్ను మీ ఎనుమనుకోమ్మా. దానికి చెప్పినట్టే చెప్పు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఎన్నాళ్ల నొప్పులో అవి! పక్కన కూర్చొని నేను ఏడ్చాను. పరీక్షలు చేస్తే, గుండెకు పోయే రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. వెంటనే స్టెంట్ వేశారు. చెప్పుకుంటే మానం పోతుంది, దాచుకుంటే ప్రాణం పోతుంది అంటారు. మా అమ్మకు రెండూ దక్కాయి.

ఆ డాక్టరును తలుచుకోని రోజు లేదు. ఎనుముకు కూడా తవుడు ఒక దోసిలి ఎక్కువే వేస్తున్నాను. దాన్ని చెడగొడుతున్నానని అమ్మ కసురుతుంది.

మొన్న బడి నుంచి వచ్చి తల పట్టుకొని కూర్చున్నాను. ఏమైందని అమ్మ అడిగింది. ఏం లేదు, బాగుండా అన్నాను. తల్లి పోలిక యాడికి పోతుంది?

అమ్మ మళ్లీ అడగలేదు. మంచం మీద నా పక్కన చేరి, నా ముఖం చూడకుండా తల వంచుకొని కూర్చుంది.

"చెప్పుమే. నన్ను ఎనుమనుకో."

చెప్పాను. చెప్పుకోవడానికి అమ్మ ఉంది.