గడప దగ్గర నేను కదలకుండా కూర్చున్న మ్యాచ్

“లేవకమ్మా. నువ్వు లేస్తే వికెట్ పడుతది.”

“నల్లా వచ్చే యాళ్లయింది. నీళ్లు నువ్వు పడ్తవా?”

“జర ఒక్క పది ఓవర్లు కూసో. నువ్వాడ కూసున్నంక ఒక్కడన్న అవుటయిండా?”

“నేను బీరకాయ చెక్కు తీస్తాన్న. వాళ్ల ఆట నేనెందుకు ఆడుత?”

ఒక ఆదివారం నాకూ నా కొడుక్కూ జరిగిన గొడవ ఇది. పొద్దున మొదలైన మ్యాచ్, వాడు టీవీ ముందు కుర్చీలో, నేను గడప పక్కన నేల మీద. ఆ సిరీస్‌లో ఏ వన్డేలోనూ మన జట్టుకు బ్యాటింగ్ కుదరలేదు. మొదటి నలుగురూ రావడం, వికెట్లకు దూరంగా బయటికి పోయే బంతిని కెలకడం, తల దించుకుని వెనక్కి పోవడం. ఆ రోజూ అంతే. నేను బీరకాయలు తీసుకుని వచ్చి కూర్చున్నాక ఐదో జోడీ నిలబడింది.

జోడీ నిలబడితే మా ఇంట్లో ఎవరెక్కడ ఉంటే అక్కడే ఉండాలి. మా ఆయన ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి. ఒకసారి ఆయన సగం గడ్డం గీసుకుని, నురగ ఎండిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు. నేను ఏనాడూ దాన్ని ఒప్పుకోలేదు.

ఖిలా వరంగల్‌లో మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. సాయంత్రం నాలుగింటికి వచ్చి ముప్పావు గంటలో ఆగిపోతుంది. సంపు తవ్విద్దామని కొడుకు అంటే దండగని నేనే వద్దన్నాను. ఆ నీళ్లతోనే మనవరాలి బట్టలు ఉతకాలి. పదో తరగతి పిల్ల, స్కూలు జట్టులో మొదట బ్యాటింగుకు దిగుతుంది. తెల్లవారితే జిల్లా జట్టుకు ఎంపిక. తెల్ల బట్టలు ఒకటే జత, రెండోది నేను కొననివ్వలేదు. కోట గోడ పక్క ఎర్రమన్నులో పడీ పడీ ప్యాంటు మోకాళ్లు ఇటుక రంగుకు తిరిగాయి.

కత్తిపీట పక్కకు జరిపి లేవబోయాను. వెనకనే కూర్చున్న పిల్ల నా కొంగు పట్టుకుంది.

“లేవకు నాయినమ్మా.”

“మరి బట్టలెట్లనే?”

“వాళ్లు అవుటయ్యే బంతికే నేనూ అవుటైత. సార్ రోజూ తిడ్తడు. వాళ్లకే చాతగాకపోతే రేపు నాకెట్ల చాతనైతది?”

కొంగు విడిపించుకోలేదు. కూర్చున్నాను.

పక్కింట్లో బిందెల చప్పుడు మొదలైంది. కొడుకూ కదలడు, వాడి కుర్చీ కూడా లెక్కలోకి వస్తుందట. కోడలు పుట్టింటికి పోయింది. మా బిందెలు వాకిట్లో ఖాళీగా ఉన్నాయి. నాకు టీవీ వినబడలేదు, నీళ్ల చప్పుడే వినబడింది. అది సన్నబడుతుండగా జోడీలో ఒకడు అదే బయటి బంతిని కెలికి అవుటయ్యాడు. నేను కాలు కూడా చాపలేదు. వెనక వచ్చినవాళ్లు గబగబా వెళ్లిపోయారు. ఆట అయిపోయి లేచి చూస్తే నల్లాలో చుక్క లేదు.

“నువ్వు మనసుల లేద్దామనుకున్నవు. అందుకే పడ్డది” అన్నాడు కొడుకు.

“ఔ, నా మనసే బ్యాటు పట్టుకున్నది మరి.”

పిల్ల నవ్వలేదు. నేను దాని వైపు తిరిగాను. “చూసినవు గదా. నేను కదల్లే, అయినా పడ్డది. వాళ్ల అవుటు వాళ్లది. రేపు నీ బంతి నీది. బయటికి పోయేదాన్ని పోనియ్యి.”

ఇంట్లో తాగడానికి రెండు బిందెల నీళ్లున్నాయి. సాయంత్రం వాటిని ముట్టడానికి నాకు చేయి రాలేదు.

మర్నాడు పొద్దున లేవగానే ఒక బిందె బకెట్లో కుమ్మరించి, నేనూ పిల్లా చెరో మోకాలు రుద్దాము. పిల్ల తడి ప్యాంటుతోనే తండ్రి బండెక్కింది. అక్కడ మూడు ఓవర్లు ఆడమన్నారట. బయటి బంతులు వదిలేసింది. అవుట్ కాలేదు, కొట్టింది ఐదు పరుగులే. రెండో విడతకు రమ్మన్నారు. నేను పక్కింటికి పోయి, అన్నం వండడానికి ఒక బిందె నీళ్లు అడిగి తెచ్చుకున్నాను.