ఆసు యంత్రం వచ్చాక మా వదిన

నిన్న జడ్చర్లలో, మా ఫ్యాక్టరీ వాళ్లు పెట్టించిన వైద్య శిబిరంలో బరువు చూసుకున్నాను. అంకె చూసి, నమ్మలేక దిగి మళ్లీ ఎక్కాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కుర్చీ చూపించి, "తిండిపోతుతనం అనుకోకండి. కూర్చుని చేసే పని, నిద్ర లేకపోవడం, ఒంట్లో మార్పులు, అన్నీ కలిసి పెంచుతాయి. అన్నం సగం చేసి కూర, పప్పు పెంచండి. రోజూ నడవండి. తొందరేం లేదు, మెల్లగా తగ్గుదాం" అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "సూపర్‌వైజరంటే ఆమాత్రం పొట్ట ఉండాలె" అని మురిసిపోయింది. మగవాడి లావుకు ఇంత మర్యాద! మా వదిన గుర్తొచ్చి, తినబోతున్న ముద్ద చేదైంది.

మాది ఆలేరు దగ్గర నేత ఇల్లు. అన్న మగ్గం మీద, వదిన ఆసు దగ్గర. ఆసు పోయడమంటే, వరుస మేకుల చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు చాచాలి. పొద్దంతా ఆ పని చేసి వదిన కుప్పలా అన్నం తినేది, అయినా పుల్లలాగే ఉండేది. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా ఇంటికి ఆసు యంత్రం వచ్చింది. అప్పటికే వదిన భుజం అరిగిపోయింది. అందరం సంబరంగా యంత్రానికి బొట్టు పెట్టాం. ఆమె చేయి ఆగింది కానీ పళ్లెం ఆగలేదని ఎవరికీ తట్టలేదు. ఎట్లా ఆగుతుంది? మా ఇంట్లో ఆడవాళ్లు చివర తింటారు. నేతోళ్లం, తెగిన పోగును కూడా ముడేసి వాడుకుంటాం, ఇక అన్నం పారేస్తామా? గిన్నెలో మిగిలిందంతా, "పారేస్తే పాపం బిడ్డా" అంటూ మా అవ్వ వదిన పళ్లెంలోనే వేసేది. చూస్తుండగానే వదిన లావెక్కింది.

ఒక బోనాల పండుగనాడు, చుట్టాలందరి ముందు నేను నా తెలివంతా చూపించాను. "యంత్రం ఆసు పోస్తాంది, వదినె కూసోని మేస్తాంది" అన్నాను. ఇల్లంతా పగలబడి నవ్వింది. వదిన కూడా నవ్వింది. ఆ నవ్వునే నేను అనుమతి అనుకున్నాను, దరిద్రుణ్ణి. ఆ మాట నేతోళ్ల వాడంతా పాకింది. తరువాత ఆమె ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఎండాకాలంలో కూడా చలి అనేది, రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. అన్నిటికీ మా దగ్గర ఒకటే జవాబు: లావు. పాపం, గంజినీళ్లతో ఉపవాసాలు చేసి కళ్లు తిరిగి పడింది. అయినా తగ్గకపోతే, దొంగచాటుగా తింటోందన్నాం. అన్న దవాఖానకు పోదామంటే ఆమె ఒప్పుకోలేదు.

"నేను రాను. అందరి ముంగట కాటా ఎక్కిస్తరు. గాడ గూడ నవ్వుతరు" అంది.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. చివరికి ఒకరోజు యంత్రం పక్కనే కూలబడితే మోసుకుపోయాం. రక్తపరీక్షలో తేలింది థైరాయిడ్. పొద్దున్నే మింగే చిన్న మాత్ర, అంతే. మాత్రతో పాటు అందరితో కూర్చుని కొలతగా తినడం, ఓపిక వచ్చాక రోజూ కొంత నడవడం. ఏడాదిన్నరలో బరువు తగ్గింది. గుండె మాత్రం పూర్తిగా కోలుకోలేదు. ముందే తెస్తే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు అన్నప్పుడు అన్న నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

నిన్న సాయంత్రం వదినకు ఫోన్ చేసి నా బరువు సంగతి చెప్పాను. "వదినె, ఆనాడు నేను గట్ల అనేది లేకుండె. జర మాఫ్ చెయ్" అన్నాను.

"నవ్వినోళ్లందరు మర్చిపోయిండ్రు. నేను దవాఖానకు పోకపోయింది గా మాటకే" అంది. మళ్లీ తనే, "నువ్వన్నా జర ఫికర్ చేస్కో. అన్నం తక్కువ తిను" అని పెట్టేసింది.

నా మంచే కోరింది, మాఫ్ చేశానని మాత్రం అనలేదు. ఎందుకంటుంది? నేను నోరు జారడానికి నిమిషం పట్టలేదు, తప్పు ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, ఆ ఏళ్లన్నీ ఆమె గుండె మీదుగానే నడిచాయి.