పైపుల సల్ల

అప్పట్ల నేను గోదావరిఖనిల బొగ్గు బాయికి సైకిల్ మీద డ్యూటీకి పోయేటోన్ని. హ్యాండిలుకు ఒక దిక్కు టిఫిను డబ్బా, ఇంకో దిక్కు నీళ్ల క్యాను. క్యాను ఊగి ఊగి ముందటి చక్రానికి తాకిందంటే నేను రోడ్డు మీద పడుడే. ఓసారి మోకాలు పగిలి దవాఖానకు పోయొచ్చినంక, హైదరాబాదుల సైకిళ్ల దుకాణంల పనిచేసే మా బామ్మర్ది ఒక సంచి తెచ్చిచ్చిండు.

అది మామూలు సంచి గాదు. వీపుకు మెత్తటి దిండ్లు, ఛాతికొక బెల్టు, నడుముకొక బెల్టు. లోపల రబ్బరు తిత్తి. దాంట్ల నీళ్లు పోస్తే, ఒక పైపు భుజం మీదికెళ్లి నోటికాడికి వస్తది. తొక్కుకుంటనే తాగొచ్చు. బరువంత నడుము మీద సమానంగ పడాలెనని చెప్పుకుంట బామ్మర్ది బెల్టులన్ని బిగించిండు. మా ఆమె నా సుట్టు తిరిగి చూసి, ఎడ్లకు గూడ ఇన్ని కట్టరని అన్నది. బాయి కాడనైతే, సెలైన్ ఎక్కించుకుంట డ్యూటీకి ఎందుకొచ్చినవని అడిగిన్రు.

తెలంగాణ కోసం కొట్లాట జోరుమీదున్న ఎండకాలం అది. మేమందరం సెంటినరీ కాలనీ దాక సైకిల్ ర్యాలీ తీసినం. గంత ఎండల ఉత్త నీళ్లేం ఆగుతయని మా ఆమె తిత్తి నిండ సల్ల పోసింది. అల్లం, ఉప్పు, కరివేపాకు గూడ వేసింది. నాకు మాత్రం చెప్పలే.

సగం దూరం పోయేసరికి అందరి సీసలు ఖాళీ అయినయి. నేను పైపు గుంజితే నోట్లెకు సల్ల వచ్చింది. నా పక్కపొంటి తొక్కే కాక, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, నా మొఖం చూసి కనిపెట్టిండు. తనకు గింత పొయ్యమన్నడు. సంచి ఇప్పుదామంటే బెల్టులు చెమటకు బిగుసుకపోయినయి. పైపు చూస్తే జానెడు. ఇగ సైకిల్ ఆపి భుజం వంచిన. కాక నా మెడ కాడ మొఖం వెట్టి తాగిండు. ఆయన ఎనుక ఇంకొకాయన, ఆయన ఎనుక ఇంకిద్దరు. నేను పాలిచ్చే ఆవు లెక్క కదలకుండ నిలవడ్డ. బస్సులకెళ్లి జనం తలకాయలు బయటవెట్టి చూసిన్రు.

ఆఖరాయన ఎంత గుంజినా రాలే. కరివేపాకు అడ్డం పడ్డది.

"లోపలికి ఊదు బిడ్డా, అదే పోతది," అన్నడు కాక.

నేను ఊదిన. పోలే. మాలో వాలీబాల్ ఆడే ఒకాయనకు ఊపిరి మంచిగుంటదని అతన్ని పిలిచిన్రు. అతను బుగ్గలు నింపి ఊదేసరికి తిత్తి మూత టప్పున ఊడింది. సల్లంత వీపు మీదికెళ్లి జారి, నడుము బెల్టు కాడ జరసేపు ఆగి, ప్యాంటులకు దిగింది. అందరు పడి పడి నవ్విన్రు. నాకు కోపం వచ్చింది గాని, కాలుతున్న వీపుకు పానం లేచొచ్చినట్టు గూడ అయింది. కాక ఒక్కడే నవ్వలే. అంత మంచి సల్ల ఆగమైందని బాధపడ్డడు.

మిగిలిన దారంత ఈగలు నా ఎంబడే వచ్చినయి. మీటింగు కాడ నా పక్కకు ఎవరు కూసోలే.

ఇంటికొచ్చి జరిగిందంత చెప్తే మా ఆమె మొత్తం విని ఒక్కటే అడిగింది. "ఉప్పు సరిపోయిందా?"

సబ్బు పెట్టి ఎంత కడిగినా తిత్తికి పులిసిన వాసన పోలే. పారేద్దామంటే కాక అడిగి తీసుకపోయిండు. వేడినీళ్లు పోసి మోకాళ్లకు కాపడం పెట్టుకునేటోడు. వాసన రాదా కాకా అని అడిగితే, మోకాళ్లకు ముక్కుంటదా అన్నడు.