సున్న అని చెప్పిన నొప్పి

నర్సు చదువు పిల్లలు నా భార్యను నడుము నొప్పి ఎంతని అడిగారు. ఆమె చెప్పిన మాట నమ్మి, పాఠం సగంలో ఆపి వెళ్ళిపోయారు.

ఆమె చిన్నప్పటి నుంచీ గుంత మగ్గంలో కాళ్ళు దించి కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి. ధర్మవరం చుట్టుపక్కల మా వాళ్ళ ఇళ్ళలో నడుము నొప్పి లేని ఆడమనిషిని చూపించమంటే నేను చూపించలేను. సాయంత్రం మందుల అంగడి నుంచి ఒక బిళ్ళ తెచ్చి మింగడం, పొద్దున మళ్ళీ గుంతలోకి దిగడం. ఏళ్ళ తరబడి అంతే. చివరికి ఆ బిళ్ళలు మూత్రపిండాలను దెబ్బతీశాయి. ఇక ఒక్కటి కూడా మింగవద్దన్నాడు డాక్టరు. మందు లేకుండా నొప్పిని ఎట్లా అదుపులో పెట్టుకోవాలో చెప్పడానికి నర్సు చదువు చదివే ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికి వచ్చారు. ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

పిల్లలు మంచివాళ్ళు, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఎండలో నడిచి వచ్చారు. నా భార్య చాప పరిచి మజ్జిగ ఇచ్చింది.

"అవ్వా, సున్న అంటే నొప్పే లేదని. పది అంటే తట్టుకోలేమని. నీకెంత?" అని అడిగింది వాళ్ళలో పొడుగుపాటి పిల్ల.

"ఏముంది లే పాపా. ఒకటి ఏసుకో."

మా ఇళ్ళలో అంతే. గడప దాటి వచ్చిన మనిషి ఎట్లున్నావంటే బాగుండానని చెప్పాలి. వచ్చినవాళ్ళ ముందు నొప్పి చెప్పుకుంటే వాళ్ళను లేచి పొమ్మన్నట్టే. గంజి కూడా లేని ఒక కరువు ఏడాది, తిన్నారా అని అడిగిన చుట్టానికి మా అమ్మ "ఇప్పుడే తినినాం" అని చెప్పడం నా చెవులతో విన్నాను.

నేను ఉండబట్టలేకపోయాను. "పాపా, ఇంగోసారి అడుగు. పొద్దున గుంతలోంచి లేయలేక నన్ను పిలిచింది."

"తాతా, నొప్పి అంటే పేషెంటు చెప్పిందే. మాకు మొదటి పాఠమే అది."

"నీకేం తెలుసప్పా, నా నడుము నీకుండాదా?" అంది నా భార్య. పిల్లలు నవ్వారు.

మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోవడం, ఉప్పు మూటతో కాపడం, బిందె ఎత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్ళు వంచడం చూపించారు. ఒకే తీరుగా కూర్చోకుండా మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమన్నారు. గుంతలోంచి లేవడమే కదా ఆమె కష్టం? అదెట్లా అని నేను అడిగితే, "మేడంని అడిగి వచ్చేవారం చెప్తాం తాతా" అన్నారు.

మరుసటి వారం వాళ్ళకు పాఠాలు చెప్పే ఆ మేడమే వెంట వచ్చి వాకిట్లో నిలబడింది. పొడుగు పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈ పొద్దు మార్కులేస్తారవ్వా" అని నా భార్య చెవిలో చెప్పి, తర్వాత గట్టిగా అడిగింది. నొప్పి ఇప్పుడు ఎంత?

"సున్న. ఈ పాపలు వచ్చినాంక అంతా పోయింది."

మేడం మెచ్చుకుంది. గుంత సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ బండి వీధి మలుపు తిరిగేదాకా నా భార్య నవ్వుతూనే ఉంది. తర్వాత గోడకు రెండు చేతులూ ఆనించి మెల్లగా కిందికి జారింది.

"ఎందుకట్ల చెప్తివి?"

"ఆడపిల్లలప్పా. ఎండలో తిరిగి చదువుకుంటాండారు. నా నడుం వల్ల వాళ్ళ చదువు చెడాలనా?"

కొన్నాళ్ళకు ఆమె గుంతలోకి దిగడం మానేసింది. సగం నేసిన చీర మగ్గం మీద దుమ్ము పట్టింది. నేయని రోజున ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

నేను ఐదో తరగతితో బడి మానిన వాణ్ణి. పాత పేపర్ల అంగడిలో దొరికిందల్లా చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. నొప్పి రోగి చెప్పిందేనట, సరే. ఆ రోగి ఎవరి ముందు చెప్తోంది, ఎందుకు చెప్తోంది అన్నది పాఠం కాదా? బాగుందన్న మనిషి కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు కళ్ళతో చూడమని చెప్పరా? ఈ మాటలే అడుగుదామని వాళ్ళ కాలేజీకి పోయాను. వాచ్‌మన్ మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ పోయాను. ఎన్నిసార్లు తిరిగానో. చివరికి ఆ మేడమే వరండాలోకి వచ్చి నిలబడి అంతా విన్నది. పిల్లలను ఇంకొక్కసారి పంపండి, గుంతలో ఎట్లా కూర్చోవాలో, ఎట్లా లేవాలో చెప్పించండి అన్నాను.

ఆమె అంది:

"పెద్దాయనా, మీ ఆమెకు బాగయిందనే ఆ పిల్లలిద్దరికీ మార్కులు వేసినాం. మళ్ళీ పంపాలంటే బాగా లేదని రాయాల. అట్ల రాస్తే వాళ్ళను ఫెయిల్ చేయాల. చెప్పండి, చేయమంటారా?"